చెట్టు కింద పరిశీలన

మోకాలికీ బోడిగుండుకీ ముడి పెట్టొద్దని పెద్దవాళ్ళు అంటారు. కానీ ఈ కథలో మోకాలికీ డేగ గూటికీ ముడి పడింది. అదీ మామూలుగా పడలేదు, ఎవరూ విప్పలేనంత గట్టిగా పడింది. ఆ మోకాలు గూళ్ళాయనది.

గూళ్ళాయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినబడదు. అటవీశాఖలో ముప్పై ఒక్క ఏళ్ళుగా వేటపక్షుల గూళ్ళు లెక్కపెట్టడమే ఆయన పని. ఏ చెట్టు మీద ఏ డేగ గూడు కట్టింది, పొదుగుతోందా, పిల్లలెన్ని, వాటిలో రెక్కలొచ్చి ఎగిరినవెన్ని, అన్నీ ఆయన పుస్తకంలో ఉంటాయి. ఆఫీసులోనూ బజారులోనూ గూళ్ళాయనే. చివరికి పెళ్ళాం నోట కూడా "మా గూళ్ళాయన" అనే వస్తుంది. డేగల్లో ఆడదే పెద్దదనీ, చిన్నదైన మగది తిండి తెచ్చిపెట్టి పక్కకు తప్పుకుంటుందనీ పెళ్ళైన కొత్తలో ఆయన ఎంతో వింతగా చెబితే, "ఇందులో వింతేముందండీ, అన్ని ఇళ్ళల్లోనూ అంతేగా" అని తేల్చేసింది ఆ మహాతల్లి.

లెక్కలో మనిషి నిప్పు. ఒక పిల్లను ఎక్కువ రాయడు, ఒక పిల్లను తక్కువ రాయడు. అధికారులు వచ్చారు, పోయారు, ఆయన రాసిన అంకెను కొట్టేసినవాడు మాత్రం ఇంతవరకూ పుట్టలేదు. ఆ మాట ఎవరన్నా అంటే పైకి చెయ్యి ఊపి కొట్టిపారేసేవాడు గానీ, లోపల ఎంత పొంగిపోయేవాడో ఆ దేవుడికే తెలియాలి. మనిషన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుంది, ఆయనది అది.

లోయ మధ్యలో ఒక పెద్ద చెట్టు, దాని మీద బుట్టంత గూడు. పదకొండేళ్ళుగా ఒకే డేగల జంట అక్కడ పిల్లల్ని లేపుతోంది. ఆ చెట్టుకు పైన, కొండ నడుముకు చుట్టుకుని ఒక మట్టి బాట ఉంది. ఒకప్పుడు దుంగలు మోసే లారీల కోసం వేసింది. ఇప్పుడు ఆ బాట మీద కన్ను ఎవరిదంటే జీపుల క్లబ్బువాళ్ళది. మంచి రోడ్డుంటే వీళ్ళకు నచ్చదు. గోతులు, రాళ్ళు, బురద, వాగులు ఉండాలి. లావు టైర్లేసుకుని, పొగ గొట్టం నెత్తిమీదకు లేపుకుని, కొండ దద్దరిల్లేలా ఎక్కించాలి. ఏటా లోయ బాట అడుగుతారు, ఏటా ఆఫీసు కాదంటుంది. ఎందుకంటే నియమం ఒకటుంది. సీజన్లో మూడుసార్లు వెళ్ళి గూడు చూడాలి. ఒక్కసారైనా డేగ కనబడితే పిల్లలు ఎగిరేదాకా బాట మూత. మూడుసార్లూ ఖాళీగా ఉంటే గూడు వదిలేసినట్టే లెక్క, బాట తెరవొచ్చు. అంటే ఆ బాట తాళం గూళ్ళాయన కలం దగ్గర ఉందన్నమాట.

ఇక్కడే ఇంకో చిక్కుంది. ఆ క్లబ్బులో ముందు బండి నడిపేది గూళ్ళాయన సొంత అల్లుడు. మెకానిక్కు. అల్లుడంటే అలిగేవాడు, అడిగేవాడు అనుకునేరు. కాదు, బంగారం. అత్తగారింటి కుళాయి కారినా తనే వచ్చి బిగిస్తాడు. నిజం చెప్పాలంటే, పదేళ్ళలో ఒక్కసారైనా "మామయ్యా, కాస్త చూసీ చూడనట్టు రాయండి" అనలేదు. రాసింది చూసి ఉసూరుమనేవాడు, మళ్ళీ నవ్వేసేవాడు. అందుకే జరిగినదాంట్లో తిట్టుకోవడానికి కూడా ఒక దుర్మార్గుడు దొరకడు.

చలికాలంలో గూళ్ళాయన తడి రాయి మీద కాలు జారి పడ్డాడు. మోకాలు గుమ్మడికాయంత వాచింది. ఎక్కడాలూ దిగడాలూ మానెయ్యాలన్నాడు డాక్టరు. ఆ ముక్క ఆఫీసులో చెబితే అడవి పని తీసేసి కుర్చీలో కూర్చోబెడతారు. ముప్పై ఒక్క ఏళ్ళు డేగల వెంట తిరిగినవాడు దుమ్ముపట్టిన ఫైళ్ళ ముందు కూర్చుంటాడా? ఇంట్లో ఒట్టు పెట్టించుకుని మరీ ఎవరికీ చెప్పనివ్వలేదు. కుంటుతుంటే ఎవరైనా అడిగితే, "కొత్త చెప్పులు కరుస్తున్నాయి" అనేవాడు.

"నడవడమెందుకు మామయ్యా, నా బండిలో తీసుకెళ్తాను" అన్నాడు అల్లుడు. "మీరు డ్యూటీ మీద వెళ్తారు కాబట్టి గేటు తీస్తారు. గూడు ఎదురుగా ఆపుతాను, కూర్చున్నచోట కూర్చునే చూసుకోండి."

"మీకు పనులుండవా బాబూ?"

"మీకంటే పనా?"

ఆ ప్రేమే కొంప ముంచింది.

మొదటిసారి వెళ్ళారు. జీపు గర్రున మూలుగుతూ కొండెక్కి, మలుపు దగ్గర ఆగింది. గూళ్ళాయన బైనాక్యులర్లు కళ్ళకు పెట్టుకున్నాడు. బాట మీంచి చూస్తే గూడు కాస్త కిందుగా, అరచేతిలో ఉన్నట్టే ఉంటుంది. ఖాళీ. పది నిమిషాలు చూశాడు, ఖాళీ. ఇదివరకైతే వాలు దిగి చెట్టు మొదట్లోకి వెళ్ళేవాడు. కింద ఆకుల మీద సున్నం చల్లినట్టు రెట్టలున్నాయా, రాలిన ఈక ఉందా, తిన్న పిట్టల బొచ్చు ఉందా అని మోకాళ్ళ మీద పాకి మరీ వెతికేవాడు. పక్షి మోసం చేస్తుంది గానీ రెట్ట మోసం చెయ్యదని కొత్తగా వచ్చినవాళ్ళకు పాఠం చెప్పేది ఆయనే. ఆ రోజు జీపులోంచి ఒక కాలు కింద పెట్టాడు. మోకాల్లో కత్తి దిగినట్టయింది. పెట్టిన కాలు పెట్టినట్టే తీసేశాడు.

ఫారంలో రెండు గళ్ళున్నాయి. 'గూటిలో పక్షులు' అన్నచోట సున్నా వేశాడు. 'చెట్టు కింద పరిశీలన' అన్నచోట కలం ఒక్క క్షణం ఆగింది. అయితేనేం, పై నుంచి అంత స్పష్టంగా కనబడుతుంటే కింద చూసేదేముంది? ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ గడిలో టిక్కు పెట్టడం చేతికి అలవాటు. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

పదిహేను రోజులకు రెండోసారి. జీపు, మలుపు, బైనాక్యులర్లు, సున్నా, టిక్కు. ఇంకో పదిహేను రోజులకు మూడోసారీ అంతే. ఆ రోజు మాత్రం ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. పదకొండేళ్ళ కాపురం ఎక్కడికి పోయిందని బాధపడ్డాడు. మగది చచ్చిపోయి ఉంటుందా, ఆడది లోయ దాటి వెళ్ళిపోయి ఉంటుందా అని దారంతా అల్లుడితో అదే మాట. అల్లుడికి బాట దొరికిన సంతోషం ఉంది, పాపం మామగారి ముందు దాన్ని కూడా చూపించలేదు.

ఆఫీసు బాట తెరిచింది. ఆదివారం క్లబ్బువాళ్ళ పరుగు అన్నారు. ఇరవై ఆరు బళ్ళు, ఎక్కడెక్కడి నుంచో వస్తున్నాయి. ఇంక 'వాహనములకు ప్రవేశము లేదు' అన్న బోర్డుతో పని లేదు కాబట్టి, మలుపు దగ్గరున్నదాన్ని ఊడదీసుకు రమ్మని బుధవారం గూళ్ళాయనకే చెప్పారు. అల్లుడి బండి పరుగు కోసం గ్యారేజీలో విప్పదీసి ఉంది. ఎవరినైనా పిలిస్తే మోకాలి సంగతి బయటపడుతుంది. గురువారం తెల్లారకముందే కర్ర పట్టుకుని నడుచుకుంటూ బయల్దేరాడు. గంటలో ఎక్కేదారి మూడున్నర గంటలు పట్టింది. మలుపు చేరేసరికి ఒళ్ళంతా చెమట. బోర్డు సంగతి తర్వాత చూద్దామని ఒక మొద్దు మీద కూలబడి, అలవాటుగా గూటివైపు చూశాడు.

గూట్లో డేగ కూర్చుని ఉంది.

నమ్మలేక కళ్ళు తుడుచుకుని, బైనాక్యులర్లు పెట్టి మళ్ళీ చూశాడు. అదే. ఎడమ కన్ను మీద మచ్చున్న ఆడది, గూట్లోకి ఒదిగిపోయి, తోక కొస మాత్రం బయటపెట్టి పొదుగుతోంది. గూటి అంచున పచ్చటి రెమ్మలున్నాయి, నిన్నో మొన్నో పెట్టినవే. ఆయన్ను చూసింది. చూసి, "నువ్వా" అన్నట్టు తల తిప్పేసుకుంది. నడిచొచ్చే ఈ మనిషిని అది పదకొండేళ్ళుగా చూస్తోంది.

గూళ్ళాయన సంతోషంతో లేచి నిలబడ్డాడు. "ఇక్కడే ఉన్నావా తల్లీ!" అని పైకే అనేశాడు. అప్పుడు లోయ అవతల, ఎక్కడో చాలా దూరంలో, ఎవడో బండి గేరు మార్చిన మోత వినబడింది. మనిషి చెవికి ఈగ రొదంత. డేగ మెడ నిక్కింది. ఒక్క క్షణం విన్నది. గూటి అంచు మీదకు వచ్చి, రెక్క చప్పుడు లేకుండా కొమ్మల్లోకి జారిపోయింది. గూడు ఖాళీ. గుడ్లు లోతైన గుంటలో ఉంటాయి, బాట మీంచి కనబడవు. సరిగ్గా మూడుసార్లు ఆయన చూసిన ఖాళీ.

ఆయన మళ్ళీ మొద్దు మీద కూర్చుండిపోయాడు. మోత ఆగిన ఇరవై నిమిషాలకు డేగ వచ్చింది, గుంటలోకి వంగి గుడ్లను ముక్కుతో తిప్పుకుని, వాటి మీద కూర్చుంది. అంటే తను చూడడానికి వచ్చిన ప్రతిసారీ తనే దాన్ని లేపేశాడు. లేపేసి, లేదని రాశాడు. చెట్టు మొదట్లోకి చూపు పోనిస్తే, ఆకుల మీద తెల్లగా రెట్టలు. పై నుంచి కూడా కనబడుతున్నాయి, చూసే ఉద్దేశం ఉంటే. కంచే చేను మేసిందంటారే, ఆ కంచె తనే. బోర్డు ఊడదియ్యకుండానే కిందికి దిగిపోయాడు.

ఆ రాత్రి అన్నం సయించలేదు. "ఏమైందండీ?" అంది భార్య. "మోకాలు" అన్నాడు. ఎప్పుడూ ఊళ్ళోవాళ్ళకు చెప్పే అబద్ధాలు ఇప్పుడు ఇంట్లోకీ వచ్చాయి.

శుక్రవారం పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళాడు. చెప్పెయ్యాలి, అంతే. రెండు ముక్కలు. సార్, గూట్లో డేగ ఉంది. సార్, నేను చెట్టు కింద చూడలేదు. మొదటి ముక్క ఎంత తేలికో, రెండోది అంత కష్టం. కానీ రెండోది లేకుండా మొదటిదాన్ని ఎవరు నమ్ముతారు? రేంజరు గదిలో కొత్తగా చేరిన నలుగురు గార్డులు నిలబడి ఉన్నారు. రేంజరు కుర్రాడు, ఆయన కొడుకు వయసుంటుంది. చూడగానే లేచి నిలబడ్డాడు.

"రండి పెద్దాయనా, సమయానికి వచ్చారు! ఇదిగో, వీళ్ళకు మీ ఫారాలే చూపిస్తున్నాను. మూడుసార్లు వెళ్ళారు, మూడుసార్లూ కింద కూడా చూశారు. ఈ వయసులో! ముప్పై ఒక్క ఏళ్ళల్లో ఒక్క దిద్దుబాటు లేదు. చూసి నేర్చుకోండయ్యా."

నలుగురూ ఆయనవైపు చూశారు.

"ఏదైనా పనిమీద వచ్చారా?" అన్నాడు రేంజరు.

"అదే... బోర్డు... రేపు తీస్తాను సార్."

టీ తెప్పించారు, తాగాడు. తాగి వచ్చేశాడు. ఛీ, ఎంతమందికి పాఠం చెప్పిన నోరు, ఆ రోజు టీ తాగడానికి మాత్రమే పనికొచ్చింది.

శనివారమంతా ఆ మాట మింగలేక కక్కలేక గడిపాడు. ఆదివారం పొద్దున గేటు దగ్గరికి వెళ్ళేసరికి ఇరవై ఆరు బళ్ళు బారులు తీరి ఉన్నాయి. పచ్చ జెండా పట్టుకుని రేంజరు పది అడుగుల దూరంలోనే ఉన్నాడు. ఆ పది అడుగులు నడిచి ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆయన నడిచింది అల్లుడి బండి దగ్గరికి. పక్క సీట్లో ఎక్కి కూర్చుని, చెవిలో చెప్పాడు.

అల్లుడి మొహం పాలిపోయింది. "గుడ్లున్నాయా? మరి సార్‌తో చెప్పండి మామయ్యా! అక్కడే ఉన్నారుగా!"

"ఇంతమందిలోనా? నా పరువేం కాను బాబూ? మీరే ముందుంటారు కదా. మలుపు రాకముందే బండిని అడ్డంగా ఆపెయ్యండి. పాడైందని చెప్పండి. వెనకవాళ్ళకు దారుండదు, తిరిగిపోతారు. ఎవరికీ ఏమీ తెలియనక్కర్లేదు."

అల్లుడు ఏదో అనబోయాడు. మామగారి మొహం చూసి, కాదనలేక బండి తాళం తిప్పాడు. జెండా ఊగింది.

మలుపుకు వంద గజాల ముందు అల్లుడు బండిని బాటకు అడ్డంగా తిప్పి, ఇంజను ఆపి, బానెట్టు ఎత్తాడు. ఒక పక్క నిట్టనిలువు కొండ, ఇంకో పక్క చెట్లున్న వాలు. మామూలు మనుషులైతే ఆగేవారే. కానీ రోడ్డు లేనిచోట నడపడమే సరదా అనుకునేవాళ్ళకు దారి మూసి చూపించడమంటే ఏమిటో గూళ్ళాయనకు తట్టలేదు. తట్టాల్సింది అల్లుడికి. కంగారులో పాపం అతనికీ తట్టలేదు.

రెండో బండివాడు దిగి చూశాడు. ఎర్ర టోపీ. వాలు వంక చూసి ఈల వేశాడు. "ఏం పర్లేదన్నా! కింద నుంచి దిగి ఎక్కేద్దాం. అసలు మజా ఇప్పుడుంది!"

"ఒద్దు!" గూళ్ళాయన కర్ర ఎత్తి అడ్డం వెళ్ళాడు. "కింద గూడుంది! డేగ పొదుగుతోంది!"

ఎర్ర టోపీ నవ్వాడు. చెడ్డగా ఏమీ కాదు, ముద్దుగానే నవ్వాడు. "అది ఖాళీ గూడని మీరే రాశారంట కదా తాతా! ఆఫీసులో చూపించారు, మూడు సున్నాలు."

చేతులు కాలాక పట్టుకోవడానికి ఆకు కూడా మిగల్లేదు. అల్లుడు అరిచాడు, బతిమాలాడు, ఒకడి కాలర్ కూడా పట్టుకున్నాడు. ఇంజన్ల మోతలో ఎవడికి వినబడుతుంది? ఇరవై అయిదు బళ్ళు ఒకదాని వెనక ఒకటి వాలు దిగాయి. బాట మీదే పోయుంటే గూటికి నలభై గజాల దూరంలో పోయేవి. ఇప్పుడు సరిగ్గా చెట్టు మొదట్లోంచి పోయాయి. మెత్తటి నేలలో రెండు బళ్ళు దిగబడ్డాయి. వాటికి తాళ్ళు కట్టి లాగారు. ఆ తాడు చుట్టడానికి గట్టి చెట్టు కావాలి కదా, ఆ చెట్టుకే చుట్టారు. చెట్టు ఊగినప్పుడల్లా గూటి పుల్లలు రాలాయి.

డేగ పైన తిరుగుతూ అరిచింది. కిక్కిక్కిక్ మని, ఆగకుండా. మగది కూడా వచ్చి కలిసింది. మధ్యాహ్నం రెండింటికి చివరి బండి దాటింది. అప్పటికే సన్నగా చినుకు మొదలైంది. మామా అల్లుళ్ళిద్దరూ తడుస్తూ అక్కడే కూర్చున్నారు. సాయంత్రం నాలుగింటికి ఆడది వచ్చి గూటి పక్క కొమ్మ మీద వాలింది. అది గూట్లోకి వంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత లోయ దాటి వెళ్ళిపోయింది. చీకటి పడేదాకా తిరిగి రాలేదు.

సోమవారం ఆఫీసులో ఎవరున్నారో కూడా చూసుకోకుండా రెండు ముక్కలూ చెప్పేశాడు. మోకాలి సంగతీ, టిక్కుల సంగతీ, బండి పాడైందని ఆడించిన నాటకం సంగతీ, అన్నీ. రేంజరు తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది గూళ్ళాయనకు.

"శుక్రవారం ఇక్కడే, నా ఎదురుగా కూర్చుని టీ తాగారు కదా పెద్దాయనా" అన్నాడు, అంతే.

చెట్టెక్కేవాణ్ణి పంపారు. మూడు గుడ్లు, చల్లగా. లోపల పిల్లలకు అప్పటికే రూపం వచ్చిందట. బాటకు మళ్ళీ గేటు వేశారు. గూళ్ళాయన చేతిలోని గూళ్ళన్నీ తీసి వేరేవాళ్ళకు పంచారు. "ఆ ఒక్కటీ మాత్రం మీరే చూడాలి. నడిచే వెళ్ళాలి" అన్నాడు రేంజరు. అది శిక్షో, దయో గూళ్ళాయనకు ఇప్పటికీ తెలియదు.

అల్లుడు ఆ బండి అమ్మేస్తానన్నాడు. "బండేం చేసింది బాబూ, దానికేం తెలుసు" అన్నాడు గూళ్ళాయన.

మళ్ళీ సీజన్ వచ్చింది. మొదటిసారి వెళ్ళేరోజు అల్లుడు తెల్లారకముందే వచ్చి, బండిని గేటు బయటే వదిలేశాడు. ఇద్దరూ నడిచారు. ఎత్తున్నచోట అల్లుడు భుజం ఇచ్చాడు. నాలుగు గంటలు పట్టింది. మలుపు దగ్గర ఆగకుండా, గూళ్ళాయన వాలు మీద కూర్చుని, ఒక్కో అడుగూ జరుగుతూ చెట్టు మొదట్లోకి దిగాడు. టైర్ల చాళ్ళల్లో ఇంకా నీళ్ళు నిలిచి ఉన్నాయి. చెట్టు బెరడు మీద తాడు కోసిన గీత నల్లబడింది. మోకాళ్ళ మీద వంగి ఆకులు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. రెట్ట లేదు. ఈక లేదు. తిన్న పిట్ట బొచ్చు లేదు. పైన గూడు సగం జారి వేలాడుతోంది.

అల్లుడు ఫారం, కలం అందించాడు. 'గూటిలో పక్షులు': సున్నా. 'చెట్టు కింద పరిశీలన': టిక్కు. రెండూ నిజమే. ఆయన ఆ కాగితం మీద కన్నీళ్ళు పడకుండా పక్కకు పెట్టి, ముఖం తుడుచుకున్నాడు.

"కాసేపు ఆగి చూద్దామా మామయ్యా?" అన్నాడు అల్లుడు మెల్లగా. "దూరం నుంచి మనల్ని చూస్తోందేమో."

"ఆగుదాం" అన్నాడు గూళ్ళాయన.

ఇద్దరూ పొద్దుగూకేదాకా కదలకుండా కూర్చున్నారు. లోయలో ఎక్కడా ఇంజను చప్పుడు లేదు. డేగ రాలేదు.